షీటులో ఉన్న సొంత వాక్యం

కడప ఎండలో ఒక్క మధ్యాహ్నమైనా నిలబడని మనిషెవరో మా పిల్లలకు ఇంగ్లీషు వాక్యాలు తయారుచేసి పంపుతుంటాడు. ఎవరో నాకు తెలియదు. తెలిస్తే పోయి దులిపేసి వచ్చేదాన్ని. 'సన్నీ' అనే మాటకు ఆయన రాసిన వాక్యం ఇది: 'ఇట్ వాజ్ ఎ సన్నీ డే అండ్ వి వర్ ఆల్ హ్యాపీ.' ఎండ బాగా కాసిందట, మేమందరం సంతోషంగా ఉన్నామట. మార్చిలోనే నిప్పులు చెరిగే ఊళ్ళో, రేకుల షెడ్డు కింద, చొక్కాలు వీపులకు అంటుకుపోయిన పిల్లలు ఈ వాక్యాన్ని గొంతెత్తి బట్టీ కొడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా దగ్గర మబ్బు పడితే కదా మనుషులు వీధిలోకొచ్చి సంతోషంగా నిలబడేది!

నేను కడపలో ఒక ప్రైవేటు బడిలో పదోతరగతికి ఇంగ్లీషు చెప్తాను. ఊరూరా బ్రాంచీలున్న సంస్థ అది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడంతా తెలుసు. పిల్లలు వెనక నన్ను మిరపకాయ మేడం అంటారని నాకూ తెలుసు. అననీ. ఆ షీట్లు చేతిలో పట్టుకుని కోపం రాకుండా పాఠం చెప్పగలిగే వాళ్ళుంటే వాళ్ళకో దండం.

షీటంటే ఏమిటో చెప్పాలి. పరీక్షలో కొన్ని మాటలిచ్చి, వీటితో సొంత వాక్యం రాయండి అని అడుగుతారు. మదర్, రెయిన్, రోడ్, వెయిట్, ఈవినింగ్ లాంటి మామూలు మాటలే, నోరు తిరగనివేం కావు. ఆ సొంత వాక్యాన్ని మా హెడ్డాఫీసు ముందే అచ్చువేసి పంపుతుంది. ఎడమవైపు మాటలు, కుడివైపు వాక్యం. పిల్లలు దాన్ని కంఠతా పట్టి, పరీక్షలో తమ సొంత వాక్యంగా రాయాలి. మా సంస్థలో చదివే పిల్లలందరికీ కలిపి ఒకే సొంత వాక్యమన్నమాట. అందరి అమ్మా రోజూ సాయంత్రం రుచిగా వండి పెడుతుంది. అందరి ఇంటి ముందూ పూలతోట ఉంటుంది. అందరూ ఆదివారం జూకు పోతారు. కడపలో జూ ఎక్కడుందో షీటు రాసినాయన వచ్చి చూపిస్తే నేనూ టికెట్టు కొనుక్కుని పోతాను.

మాటలకూ జతలుంటాయి, కాదనను. ఇంగ్లీషులో కొన్ని మాటలు కాడికి కట్టిన ఎడ్ల మాదిరి కలిసే నడుస్తాయి. పెద్ద వానను 'హెవీ' అంటారు, పెద్ద గాలిని 'స్ట్రాంగ్' అంటారు. అవి నేర్పాలి, నేర్పుతాను కూడా. కానీ మావాళ్ళు ఎడ్లను కట్టడమే నేర్చుకున్నారు, విప్పడం మరిచిపోయారు. సెలవుచీటీనే తీసుకోండి. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్.' నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 'సఫరింగ్' పక్కన 'ఫీవర్' తప్ప ఇంకో మాట చూసిన పాపాన పోలేదు. అక్క పెళ్ళికి పోయినవాడికీ జ్వరమే, శనగ కోతకు పోయినవాడికీ జ్వరమే. ఒకడు ఇంట్లోవాళ్ళతో అహోబిలం తిరునాళ్ళకు పోయి, గుండు కొట్టించుకుని వచ్చి, ఆ నున్నటి గుండుతోనే నా ముందు నిలబడి జ్వరమని చీటీ ఇచ్చాడు.

"ఏమప్పా, జ్వరమొస్తే జుట్టు గూడా రాలిపోతాదా?" అన్నాను.

"లేదు మేడం. లీవు లెటరంటే అట్లనే రాయల్ల గదా!" అన్నాడు, నాకే ఏదో తెలియనట్టు.

వాడు అబద్ధమాడుతున్నాననుకోవడం లేదు. నన్ను మండించేది అదే. తెలిసి అబద్ధమాడేవాడి చెవి మెలేసి దారికి తేవచ్చు. ఇంగ్లీషులో నిజం కూడా చెప్పవచ్చనే సంగతే వాడికి ఎవరూ చెప్పలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

నేను అలా నేర్చుకోలేదు. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. నాయనకు కొంచెం నల్లరేగడి భూమి ఉండేది, దాంట్లో శనగ వేసేవాళ్ళం. ఆదివారం ఆరాధన అయిపోయాక మా సంఘం పాస్టరు గారి భార్య పిల్లలందరినీ మందిరం అరుగు మీద కూర్చోబెట్టుకునేది. ఆమెను ఊరంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆమె దగ్గర పుస్తకం లేదు, పలకా లేదు. ఉన్నది ఒకే కట్టుబాటు. ఆ వారంలో నువ్వు చేసిన పనో, కళ్ళారా చూసిన సంగతో ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. పోయిన వారం చెప్పింది మళ్ళీ చెప్పకూడదు, పక్కవాడిది ఎత్తుకోకూడదు. "తప్పులొస్తే రానీండి, దిద్దేదానికి నేనున్నా. దేవుని ఇంటి ముందర అబద్ధం మాత్రం చెప్పొద్దండి" అనేది.

నా మొదటి వాక్యం నాకింకా గుర్తుంది. 'రెయిన్ నో కమ్. ఫాదర్ సీ స్కై.' వాన రాలేదు, నాయన ఆకాశం చూస్తున్నాడు. అమ్మగారు దాన్ని దిద్ది, నా చేత రెండోసారి చెప్పించింది. తర్వాతి వారం నిజంగానే వాన పడింది. అవే మాటలు, ఇంకో వాక్యం అయ్యాయి. నాయన వానలో తడిసి ఇంటికొచ్చాడు. ఆ తర్వాతి వారం వాన ఎక్కువై శనగ కుళ్ళిపోయింది, నాయన ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్ళీ అవే మాటలు. రెయిన్, ఫాదర్, స్కై. ఈ మూడు మాటలూ వారానికో తీరుగా కూర్చుంటాయని, ఏ తీరుగా కూర్చున్నా మా ఇంటి సంగతే చెప్తాయని తెలిశాక నాకు ఇంగ్లీషంటే భయం పోయింది. అంతకుమించి నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

అందుకే షీటు అప్పజెప్పించుకున్నాక, గంట కొట్టేలోపల, పిల్లలకూ స్టాఫ్‌రూములో వాళ్ళకూ అమ్మగారి కథ చెప్పి, ఆమె కట్టుబాటును నా తరగతిలో పెట్టాను. ఒకరోజు రెయిన్, రోడ్, వెయిట్ ఇచ్చాను. షీటు ప్రకారం అయితే మేము రోడ్డు పక్కన చెట్టు కింద వాన తగ్గేదాకా వేచి ఉండాలి. పిల్లలు మొదట బిక్కమొహాలు వేశారు. కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. వానొస్తే మా రోడ్డుకు బస్సు రాదు, మేము వెయిట్ చేయకుండా నడిచే వస్తాం అని ఒకడు రాశాడు. మా ఊరివాళ్ళు వాన కోసం వెయిట్ చేస్తారు, రోడ్డు కోసం కూడా చేస్తారు అని ఇంకొక పిల్ల రాసింది. నాకు నవ్వు ఆగలేదు. తరగతి అంతా నవ్వింది. ఆ గదిలో ఇంగ్లీషుకు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

రోడ్డు వాక్యం రాసిన ఆ పిల్ల గురించే నేను చెప్పాలనుకున్నది. వాళ్ళమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. కడప చుట్టుపక్కల ఇది వింతేం కాదు, ఏ వీధిలో అడిగినా కువైట్ పోయిన ఆడమనిషి ఒకరుంటారు. పిల్ల అవ్వ దగ్గర పెరుగుతోంది. మా బడిలో పదోతరగతికి రెండు సెక్షన్లు, రెండిటికీ నేనే ఇంగ్లీషు చెప్తాను. మేడ మీద స్టార్ సెక్షన్, కింద రేకుల షెడ్డులో మామూలు సెక్షన్. స్టార్ సెక్షన్ వాళ్ళకే మా సంస్థ జూనియర్ కాలేజీలో హాస్టలుతో సహా ఉచిత సీటు ఇస్తారు. ఈ పిల్ల స్టార్ సెక్షన్‌లో ఉంది. ఆ సీటు వస్తే ఇక చదువుకు దిగులు లేదు, ఇల్లు చేరుకుంటానని వాళ్ళమ్మ చెప్పిందట. రాకపోతే అక్కడే ఇంకా ఎన్నేళ్ళుండాలో ఆమెకే తెలియదు. ఈ సంగతి పిల్ల నాతో ఏడ్చుకుంటూ చెప్పలేదు. బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాత పెట్టిన పరీక్షలో మదర్, కుక్, ఈవినింగ్ అనే మాటలు వచ్చాయి. షీటులో వాక్యం 'మై మదర్ కుక్స్ టేస్టీ ఫుడ్ ఫర్ మి ఎవ్రీ ఈవినింగ్.' మా అమ్మ రోజూ సాయంత్రం నాకోసం రుచిగా వండుతుంది. తరగతి మొత్తం అదే రాసింది. ఈ పిల్ల మాత్రం ఇలా రాసింది: 'మై మదర్ కుక్స్ ఎవ్రీ ఈవినింగ్ ఇన్ కువైట్. ఐ సీ ద ఫుడ్ ఇన్ ద ఫోన్.' మా అమ్మ రోజూ సాయంత్రం కువైట్‌లో వండుతుంది, ఆ వంటను నేను ఫోనులో చూస్తాను. దిద్దుతున్నదాన్ని పెన్ను పక్కన పెట్టి ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. తర్వాత నిండా మార్కులు వేశాను.

మా దగ్గర టీచరు దిద్దిన పేపర్లను ఇన్‌ఛార్జి సారు మళ్ళీ చూస్తాడు. ఆయన నాకంటే చిన్నవాడు, ఎంత ఎండలోనూ టై విప్పడు. మరుసటి రోజు పిలిపించాడు. ఆ పిల్ల వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

"ఈ పాపకు ఫుల్ మార్కులేసినారేంది మేడం?"

"వాక్యంలో తప్పేముండాది సార్?"

"తప్పేం లేదు. ఆన్సర్ కీలో లేదు."

"సొంత వాక్యం కీలో ఎట్లుంటాది?"

"మనమిచ్చిన సొంత వాక్యం రాయల్ల మేడం" అన్నాడు.

ఎగతాళికి అనలేదు. నిమ్మళంగా, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నట్టు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు గొంతులో ఉండగానే ఒళ్ళు మండింది. మనమిచ్చినది వాళ్ళ సొంతం ఎట్ల అవుతుంది, ఆ పిల్ల అమ్మ ఎక్కడ వండాలో హెడ్డాఫీసు చెప్తుందా అని అరిచాను. నా గొంతు మేడ మీదికి వినపడిందని తర్వాత చెప్పారు. ఆయన కదల్లేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేటాయనకు టైముండదు మేడం. తెలిసిన వాక్యం కనపడితే టిక్కు పెట్టి పోతాడు. కొత్తది కనపడితే నిలబడి ఆలోచిస్తాడు. ఆలోచించినాడంటే మార్కు కోస్తాడు" అన్నాడు.

"కోస్తే కోయనీ. ఆ బిడ్డ నిజం రాసింది."

అప్పుడు ఆయనకూ కోపం వచ్చింది. "నాది ఓర్వకల్లు పక్కన పల్లె మేడం. బండలు తప్ప ఇంకేం లేవు మా ఊళ్ళో. మా నాయన మేకలు మేపినాడు. నాకు మందిరాలు లేవు, అమ్మగార్లు లేరు. షీట్లు నూరుకొని తాగి ఈ కుర్చీలోకొచ్చినా. ఆ పాపకు సీటు కావల్నా, మీ ఆదివారం కథలు కావల్నా?"

నేను బయటికొచ్చేశాను. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమైతే నా పని సులువయ్యేది. పేపర్లు దిద్దే గదుల్లో నేనూ కూర్చున్నదాన్నే, అక్కడ చేతులు ఎంత వేగంగా నడుస్తాయో చూసినదాన్నే. అది గుర్తొచ్చి కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఆ సాయంత్రం మా ఇంట్లో గిన్నెలన్నీ నా చేతిలో చచ్చి బతికాయి.

ఆ గీతతో పిల్లకు మార్కులు తగ్గాయి. అర్ధ సంవత్సరం పరీక్షలో సరిచేసుకోకపోతే కింది షెడ్డుకు దించుతామని చెప్పారు. ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"మేడం, ఇప్పుడు నేను ఏది రాయల్ల?"

"నువ్వు రాసింది శానా బాగుండాది పాపా. ఒక్క తప్పు లేదు దాంట్లో."

"తప్పు లేదు గానీ మార్కు గూడా లేదు గదా మేడం" అంది. మళ్ళీ తనే తేల్చేసింది. "షీటుదే రాస్తా. సీటొస్తే మాయమ్మ వచ్చేస్తాది. అప్పుడు అది నిజమే అయితాది గదా. మాయమ్మ ఏమీ అనుకోదులే మేడం, ఆమెకు ఇంగ్లీషు రాదు."

ఇంత చిన్న పిల్ల నాకు సర్ది చెప్పింది. నా చదువు, నా ఉద్యోగం, నా నోరు, ఏవీ ఆ మెట్ల దగ్గర పనికి రాలేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలో అవే మాటలు మళ్ళీ వచ్చాయి. పిల్ల అన్న మాట ప్రకారం షీటు వాక్యం దించేసింది. అక్షరం పొల్లు పోలేదు, చేతిరాత కూడా మునుపటికంటే గుండ్రంగా ఉంది. నేనే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను. నిండా మార్కులు వచ్చాయి. స్టార్ సెక్షన్‌లో ఆ పిల్ల చోటు నిలిచింది.

తర్వాతి శనివారం పొద్దున తల్లిదండ్రుల మీటింగు. వరండాలో బెంచీలు వేశారు, నా పక్కనే ఇన్‌ఛార్జి సారు కూర్చున్నాడు. పిల్లను వెంటబెట్టుకుని అవ్వ వచ్చింది. కొంగుతో ఫోను అద్దం తుడిచి నా ముందు పెట్టింది. "ఇదో మేడం, మా బిడ్డ లైన్‌లో ఉండాది. మాట్లాడండి" అంది.

తెర మీద నెత్తికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. వెనక పొయ్యి, పెద్ద పెద్ద గిన్నెలు. ఇంట్లోవాళ్ళు ఇంకా లేవలేదేమో, గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"నమస్తే మేడం. మా పాప మేడ మీది సెక్షన్‌లోనే ఉండాది గదా?"

"ఉండాదమ్మా. బాగా సదువుతాంది."

"ఇంగ్లీషులో నిండా మార్కులంట. ఏం రాసింది మేడం? రవ్వంత సదవండి, వింటా."

పేపరు తిప్పుతూ ఇంకేదైనా జవాబు దొరుకుతుందేమోనని వెతికాను. ఇన్‌ఛార్జి సారు నా చేతిలోంచి పేపరు అందుకున్నాడు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది, ఆ పిల్ల నిలబడిందని. మంచి వాక్యం చూసి, ఫోను దగ్గరికి వంగి, గట్టిగా, నెమ్మదిగా చదివాడు. 'మై మదర్ కుక్స్ టేస్టీ ఫుడ్ ఫర్ మి ఎవ్రీ ఈవినింగ్.' ఆమెకు ఇంగ్లీషు రాదని పిల్ల చెప్పిన మాట నేను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆమె ఫోనుకు దగ్గరగా జరిగి, "మదర్, కుక్, ఫుడ్, ఈవినింగ్... ఇయ్యి నాకు తెలుసు సార్" అంది. "ఈడ ఇంటామె నాతో దినామూ మాట్లాడేది ఈ మాటలే. ఈవినింగ్ ఏం ఫుడ్ కుక్ చేయల్లో చెప్తా ఉంటాది." చేయి చాచి పొయ్యి మంట తగ్గించి అడిగింది. "ఇది ఎవురమ్మ గురించి సార్?"

ఇన్‌ఛార్జి సారు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆ వరండాలో ఏమని ఉండేదాన్నో నాకే తెలియదు.

పిల్ల ముందుకు వంగి ఫోనులో చెప్పింది. "షీటులో అమ్మ గురించమ్మా. మార్కులకు."

"నా గురించి రాయలేదా పాపా?"

"రాసినానమ్మా. కొట్టేసినారు."

వెనక ఎవరో పిలిచినట్టున్నారు, ఆమె తల తిప్పి చూసి మళ్ళీ ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఉండాల్సిన కోపమంతా నాలోకి వచ్చి పడింది.

"సరేలే. మనకు సీటు కావల్ల గదా," అంది. "ఆయమ్మ గురించే రాయి." ఫోను ఆగిపోయింది.

బల్ల మీద ఆ పేపరు, దాని మీద నా ఎర్ర టిక్కు. కొట్టేయాలని పెన్ను మూత తీశాను కూడా. కొట్టేస్తే పిల్ల కింది షెడ్డుకు పోతుంది, వాళ్ళమ్మ ఆ వంటింట్లోనే ఉండిపోతుంది. పెన్ను మూత పెట్టి, పేపరు మడిచి అవ్వ చేతిలో పెట్టాను.